కటకం తప్పులు, కెమెరా దిద్దుబాట్లు

ఆగ్ఫా క్లిక్ 3 కెమెరా వెనక తలుపు తీసి, రీలు లేకుండా లోపలికి చూడండి. ఫిలిం ఆనుకుని సాగే దారి చదునుగా ఉండదు. మధ్యలో వెనక్కి వెళ్ళి, రెండు పక్కలా అంచులు లెన్సు వైపు ముందుకొచ్చి, వంపు తిరిగి ఉంటుంది. చవక కెమెరా కదా, పోతలో వంకర వచ్చిందనుకోవడం సహజం. కానీ అది లెన్సు చేసే ఒక తప్పుని దిద్దడానికి కావాలని పెట్టిన వంపు.

మా ఇంటికి వచ్చిన మొదటి కెమెరా అది. జర్మనీ ఆగ్ఫా నమూనాని బరోడాలో న్యూ ఇండియా ఇండస్ట్రీస్ తయారుచేసేది. 120 రీలు వేస్తే ఆరు సెంటీమీటర్ల చదరపు ఫొటోలు 12 వచ్చేవి. దాని తర్వాత నా చేతికి సోవియట్ జెనిట్, యాషికా, ఒక డిజిటల్ ఎస్‌ఎల్‌ఆర్, మిర్రర్‌లెస్, చివరికి అందరికీ లాగే ఫోనూ వచ్చాయి. కెమెరాల పిచ్చి ఉన్నవాళ్ళు ఇలాంటి వరస చెప్పుకునేటప్పుడు మెగాపిక్సెళ్ళూ, కొన్న ధరలూ, అమ్మిన ధరలూ చెప్పుకుంటారు. నేను వాటిని ఇంకో రకంగా పేర్చుకుంటాను. ఏ లెన్సూ ఉన్నది ఉన్నట్టు చూపించదు. ప్రతి కెమెరా ఆ తప్పుని ఎక్కడో ఒకచోట సర్దుకుంటుంది. ఆ సర్దుబాటు జరిగే చోటు మారుతూ రావడమే, నా లెక్కలో, కెమెరా చరిత్ర.

ఒంటి గాజు

ఒక భూతద్దం తీసుకుని, కిటికీ బొమ్మ ఎదుటి గోడమీద పడేలా పట్టుకోండి. మధ్య ఊచలు స్పష్టంగా కనిపించే దూరంలో అంచుల్లోని ఊచలు మసకగా ఉంటాయి. అద్దాన్ని గోడకి ఇంకాస్త దగ్గరికి జరిపితే అంచులు తేరుకుంటాయి, మధ్య మసకబారుతుంది. ఒంటి కటకం బొమ్మని చదునైన తెరమీద వేయలేదు. గిన్నె లోపలి భాగంలాంటి వంపు తలంమీద వేస్తుంది. దీన్నే క్షేత్ర వక్రత అంటారు.

క్లిక్ 3లో ఉన్నది అలాంటి ఒంటి గాజే. ఒక పక్క లోపలికి, ఒక పక్క బయటికి వంగిన నెలవంక కటకం. 1812లోనే ఇంగ్లండులో విలియం హైడ్ వోలాస్టన్ ఇలాంటి గాజుని, దానికి సరైన దూరంలో ఒక చిన్న రంధ్రాన్ని పెట్టి, అంచుల మసకని చాలావరకు తగ్గించవచ్చని చూపించాడు. అప్పటికి ఫొటోగ్రఫీ పుట్టనే లేదు. చిత్రకారులు గీసుకోవడానికి వాడే చీకటి పెట్టెల కోసం చేసిన పని అది. ఆ గాజుతోనే ఇంకాస్త మెరుగైన బొమ్మ కావాలంటే రెండే దారులు. గాజులు పెంచాలి, లేదా తెరని వంచాలి. గాజుకి డబ్బవుతుంది, వంపుకి కాదు.

ఈ ఉపాయాన్ని చవకబారుదని కొట్టిపారేయడానికి లేదు. మన కంటి వెనక రెటీనా వంపుగానే ఉంటుంది. 2009లో నాసా పంపిన కెప్లర్ అంతరిక్ష టెలిస్కోపులో 42 సీసీడీలని వంపు తలంమీదే అమర్చి, వాటి మీద నీలమణి కటకాలు పెట్టారు. 2014లో సోనీ ఇంజనీర్లు సిలికాన్ సెన్సరునే వంచి చూపించారు. అయితే క్లిక్ 3 వంపులో ఒక పరిమితి ఉంది. ఫిలింని గిన్నెలా అన్ని వైపులా వంచలేం, ముడతలు పడుతుంది. చుట్టే దిక్కులో మాత్రమే వంచగలం. అందుకే ఆ కెమెరాతో తీసిన పాత ఫొటోల్లో ఎదురెదురు అంచులు రెండు తేటగా ఉండి, మిగతా రెండు కొంచెం మసకగా ఉంటాయి. ఇంట్లో పాత ఆల్బం ఉంటే భూతద్దం పెట్టి చూడండి, కనిపిస్తుంది.

క్లిక్ 3కి ఎండ, మబ్బు అని రెండు గుర్తులు. షట్టరు వేగం సెకనులో సుమారు ముప్పయ్యో వంతు. ఆ వేగానికి చెయ్యి ఏమాత్రం వణికినా బొమ్మ చెదిరిపోతుంది. "ఒరేయ్, మోచేతులు పొట్టకి ఆనించు. నొక్కేటప్పుడు ఊపిరి తియ్యకు," అనేవారు నాన్న. చూసే కిటికీ వేరు, ఫిలిం చూసే లెన్సు వేరు కాబట్టి దగ్గరగా నిలబడి తీస్తే రెండింటి చూపులూ కలవవు. తెలుగువాళ్ళ పాత ఆల్బముల్లో ఇన్ని తలలు సగానికి తెగి ఉండటానికి తీసినవాడి అజాగ్రత్త కన్నా ఈ ఎడమే పెద్ద కారణం.

ఎండలో తీసినా, కాస్త మబ్బుకి తీసినా ఫొటో వచ్చేదంటే ఆ గొప్ప కెమెరాది కాదు, ఫిలింది. ఊటీలో హిందుస్థాన్ ఫొటో ఫిల్మ్స్ తయారుచేసిన 'ఇందు', తూర్పు జర్మనీ వోల్ఫెన్ నుంచి వచ్చే 'ఓర్వో' మాకు దొరికేవి. నలుపు తెలుపు నెగెటివ్‌లో వెలుగు కొంచెం ఎక్కువైనా స్టూడియోలో ప్రింటు వేసేటప్పుడు సర్దేయవచ్చు. అంటే మొదటి దిద్దుబాటు కెమెరా వంపులో జరిగితే, రెండోది స్టూడియో చీకటి గదిలో జరిగేది.

చీకటి గది దయ

ఫిలిం మీది పూతలో సిల్వర్ బ్రోమైడ్ రేణువులు ఉంటాయి. ఒక ఫోటాన్ రేణువుని తాకితే ఒక ఎలక్ట్రాన్ విడిపడుతుంది. రేణువులో ఎక్కడో ఒక లోపం దగ్గర అది చిక్కుకుంటుంది. తిరుగుతున్న వెండి అయాను ఒకటి అక్కడికి వచ్చి ఆ ఎలక్ట్రాన్‌ని పుచ్చుకుని వెండి పరమాణువు అవుతుంది. ఇలా నాలుగు పరమాణువులు ఒకచోట చేరితే చాలు, ఆ రేణువు వెలుగు చూసినట్టు లెక్క. కంటికి కాదు కదా, మామూలు సూక్ష్మదర్శినికి కూడా కనిపించని గుర్తు అది. డెవలపరు ద్రావణంలో ముంచితే ఆ గుర్తు ఉన్న రేణువు మొత్తం నల్లటి వెండిగా మారిపోతుంది. అంటే గుర్తు కోట్ల రెట్లు పెరుగుతుంది. ఈ పనితీరుని 1938లో రోనాల్డ్ గర్నీ, నెవిల్ మాట్ వివరించారు. వెలుగు చూడని రేణువులని కడిగేయడానికి హైపో వాడతారు. వెండి లవణాలని కరిగించే దాని గుణాన్ని జాన్ హెర్షెల్ 1819లోనే గమనించాడు. స్టూడియోల ముందు నుంచి నడిచిన వాళ్ళందరికీ ఆ పుల్లటి ఘాటు వాసన గుర్తుండే ఉంటుంది.

ఎర్ర బల్బు వెలుతురులో ప్రింట్లు వేయగలగడానికి కారణం, ప్రింటు కాగితం ఎరుపుని పట్టించుకోకపోవడమే. వెండి లవణాలకి పుట్టుకతో నీలమే తెలుసు. వాటికి మిగతా రంగులు నేర్పాలంటే రంగు పదార్థాలు కలపాలని 1873లో హెర్మన్ ఫోగెల్ కనిపెట్టాడు. అన్ని రంగులూ నేర్చిన ఫిలింని మాత్రం ఎర్ర బల్బు దగ్గరికి కూడా రానివ్వకూడదు. దాన్ని పూర్తి చీకట్లో, వేళ్ళ స్పర్శతోనే కడగాలి.

మా ఊరి స్టూడియో ఆయన బల్లమీద ఏటవాలుగా ఒక గాజు పలక, దాని వెనక బల్బు ఉండేవి. నెగెటివ్‌ని పలకమీద పెట్టి, మొన సూదిలా చెక్కిన పెన్సిలుతో చుక్కలు పెట్టేవాడు. ముఖంమీద నల్లగా పడే గుంట, నెగెటివ్‌లో పలుచగా, వెలుగు దూరిపోయేలా ఉంటుంది. అక్కడ పెన్సిలు చుక్క పెడితే వెలుగు కాస్త ఆగుతుంది, ప్రింటులో గుంట పూడుతుంది. "అమ్మవారి మచ్చలు కనబడకుండా సర్దానండి. పెళ్ళివారికి ఇదే పంపండి," అని మా మేనత్త ఫొటో నాన్న చేతికిచ్చాడాయన. ఈ రోజు ఫోను చేసే చర్మం నునుపుల వ్యవహారాన్ని కొత్త రోగమని తిట్టేవాళ్ళు ఆ పెన్సిలుని చూసి ఉండరు.

ఆరు గాజుల జెనిట్

జెనిట్‌ని చేతిలోకి తీసుకుంటే మొదట తెలిసేది బరువు. మాస్కో దగ్గరి క్రాస్నోగోర్‌స్క్ కర్మాగారంలో తయారైన జెనిట్-ఇ కి బ్యాటరీయే లేదు. నెత్తిన ఉన్న సెలీనియం పలకమీద వెలుగు పడితే కొద్దిపాటి కరెంటు పుట్టి ఒక ముల్లుని కదుపుతుంది. ముల్లుని చూసి అపర్చరూ షట్టరూ మనం తిప్పుకోవాలి. అద్దం లోంచి చూస్తాం కాబట్టి తలలు తెగవు. కానీ ఆ కెమెరాలో నిజంగా చూడదగ్గది దాని ముందున్న హీలియోస్ 44-2 లెన్సు. నాభ్యంతరం 58 మి.మీ., పూర్తిగా తెరిస్తే ఎఫ్/2. నేను వాడిన వస్తువులన్నిటిలో ఇంత పాఠం చెప్పింది ఇంకొకటి లేదు, కాబట్టి ఇక్కడ కాసేపు ఆగుదాం.

ఒంటి గాజుకి వక్రత ఒక్కటే రోగం కాదు. నీలం కాంతి ఎక్కువ వంగుతుంది, ఎరుపు తక్కువ వంగుతుంది. దాంతో రంగులన్నీ ఒకచోట కలవవు. గాజు అంచుల్లోంచి వచ్చిన కిరణాలు మధ్యలోంచి వచ్చినవాటికన్నా ముందే కలుస్తాయి. రంధ్రం చిన్నది చేస్తే ఈ గొడవలు తగ్గుతాయి, దాంతోపాటు వెలుగూ తగ్గుతుంది. క్లిక్ 3 చేసిన రాజీ అదే. వెలుగు కావాలి, తేటగానూ ఉండాలి అంటే ఒక గాజు తప్పుని ఇంకో గాజు వ్యతిరేక దిశలో చేసి కొట్టేయాలి. రెండు రకాల గాజుల్ని జోడించి రంగుల తప్పుని సర్దే పద్ధతికి జాన్ డాలండ్ 1758లోనే పేటెంటు తీసుకున్నాడు. 1840లో వియన్నాలో గణితాచార్యుడు జోసెఫ్ పెట్జ్‌వాల్ ముఖచిత్రాల కోసం సుమారు ఎఫ్/3.6 లెన్సుని లెక్కగట్టాడు. ఆ లెక్కలు చేయడానికి ఆస్ట్రియా ఫిరంగి దళంలోని మనుషుల్ని అప్పిచ్చారు. అంతకుముందు వాడుతున్న ఎఫ్/15 తరహా లెన్సుతో పోలిస్తే ఇది దాదాపు 17 రెట్లు ఎక్కువ వెలుగుని లోపలికి తెచ్చింది. నిమిషాల తరబడి కదలకుండా కూర్చోవలసిన మనిషికి సెకన్లతో సరిపోయింది.

హీలియోస్ వంశం ఇంకోవైపు నుంచి వస్తుంది. 1896లో జైస్ కంపెనీలో పాల్ రుడాల్ఫ్ మధ్య రంధ్రానికి అటూ ఇటూ దాదాపు ఒకేలా ఉండే గాజుల్ని పెట్టి 'ప్లానార్' అనే లెన్సు చేశాడు. ఇలా ఎదురెదురుగా పెడితే ముందు భాగం చేసిన కొన్ని తప్పుల్ని వెనక భాగం తనంతట తానే కొట్టేస్తుంది. ఆ నమూనాని సాగదీసి చేసిందే జైస్ వారి 58 మి.మీ. 'బయోటార్'. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత సోవియట్ కర్మాగారంలో దాని నమూనామీదే హీలియోస్ పుట్టింది. నాలుగు గుంపులుగా ఆరు గాజులు. క్లిక్ 3లో ఫిలింని వంచి సర్దిన వక్రతని ఇక్కడ గాజులే సర్దుతాయి, ఫిలిం హాయిగా చదునుగా పరుచుకుంటుంది.

అయితే ప్లానార్ పుట్టాక దశాబ్దాల వరకు ఎందుకు రాజ్యమేలలేదు? గాజు పెరిగితే అద్దం గుణం కూడా పెరుగుతుంది. గాలి నుంచి గాజులోకి వెళ్ళే ప్రతి చోటా, గాజు నుంచి గాలిలోకి వచ్చే ప్రతి చోటా సుమారు 4 శాతం కాంతి వెనక్కి తిరుగుతుంది. నాలుగు గుంపులంటే ఎనిమిది ముఖాలు. 0.96ని ఎనిమిదిసార్లు హెచ్చవేస్తే 0.72 వస్తుంది. నూటికి 28 పాళ్ళు పోయినట్టే. పోతే పోయింది, ఆ తిరిగిన కాంతి ఊరుకోకుండా గాజుల మధ్య అటూ ఇటూ కొట్టుకుని చివరికి ఫిలింమీద పొగమంచులా పరుచుకుంటుంది. నలుపు నలుపుగా రాదు.

దీనికి మందు 1935లో జైస్‌లోనే అలెగ్జాండర్ స్మకులా కనిపెట్టాడు. గాజుమీద అతి పలుచని పొర పూశాడు. మెగ్నీషియం ఫ్లోరైడ్ పొర అయితే మందం సుమారు 100 నానోమీటర్లు ఉండాలి. తల వెంట్రుకని ఏడొందల పొరలు చేస్తే అందులో ఒక పొరంత. ఆ మందానికి లెక్క ఉంది. పొర పైముఖం నుంచి తిరిగిన తరంగం, అడుగు ముఖం నుంచి తిరిగిన తరంగం ఒకదానికొకటి సగం తరంగం తేడాతో బయటికి వస్తాయి. ఒకటి ఎగిసేచోట రెండోది దిగుతుంది, రెండూ కలిసి దాదాపు సున్నా అవుతాయి. పొరని పచ్చ కాంతికి సరిపోయేలా కొలిచి పూస్తారు. కాబట్టి పచ్చ దాదాపు పూర్తిగా లోపలికి వెళ్ళిపోయి, కొద్దిపాటి ఎరుపూ నీలమూ మాత్రం తిరిగి వస్తాయి. పాత లెన్సుల్ని ట్యూబులైటు కింద తిప్పితే కనిపించే ఊదా రంగు మెరుపు అదే.

ఆ పొర అంటే మన కోస్తా గాలికి చాలా ఇష్టం. కాకినాడలాంటి చోట లెన్సుని తోలు సంచిలో పెట్టి బీరువాలో దాస్తే ఒకటి రెండు వర్షాకాలాలకి లోపల సాలెగూడు లాంటి తెల్లటి దారాలు మొలుస్తాయి. బూజే, మేం ఫంగస్ పట్టిందంటాం. గాలిలో తేమ చాలాకాలం ఎక్కువగా ఉంటే చాలు, గాజుమీది దుమ్మూ వేలిముద్రల జిడ్డూ తిని బతుకుతుంది. అది వదిలే ఆమ్లాలు పూతని తినేస్తాయి, ముదిరితే గాజునీ గీరేస్తాయి. ఆ మచ్చని తుడిస్తే పోదు. చీకట్లో టార్చిలైటుని లెన్సు వెనక నుంచి ఏటవాలుగా వేసి చూడటం మా అలవాటు. ఎవరైనా పాత లెన్సు అమ్మజూపితే ఆ పరీక్ష అయ్యాకే ధర మాట. పెట్టెలో సిలికా జెల్ వేసుకునేవాళ్ళం. నీలం గింజలు తేమ పీల్చి గులాబీ రంగుకి తిరగ్గానే మూకుట్లో సన్నసెగమీద వేడిచేస్తే మళ్ళీ నీలమవుతాయి. ఆ మూకుడు వంటింట్లోకి తిరిగి వెళ్ళకూడదు. ఆ రంగుని ఇచ్చే కోబాల్టు లవణం మంచిది కాదు.

హీలియోస్‌కి రెండు అపర్చరు రింగులు ఉంటాయి. ముందు ఒకదానితో అంకె ఎంచుకోవాలి. తర్వాత పూర్తిగా తెరిచి, వెలుతురులో ఫోకస్ చేసి, రెండో రింగు తిప్పితే ఎంచుకున్న అంకె దగ్గర రెక్కలు మూసుకుని ఆగుతాయి. అప్పుడు నొక్కాలి. పిల్లలు, కోడిపందాలు లాంటివి ఈ తతంగం అయ్యేదాకా ఆగవు.

పసుపు నీళ్ళు, నీలి ముఖాలు

యాషికా ఎంఎఫ్-2 ఆ తతంగాన్నంతా ఎత్తేసింది. పెళ్ళికి పోతూ సంచిలో పడేసుకునే ఆ నల్ల డబ్బాకి ఫోకస్ తిప్పే పని లేదు. ఎందుకో చెప్పడం తేలిక. బొమ్మలో మసక చుక్క 0.03 మి.మీ. కన్నా చిన్నదైతే పోస్టుకార్డు సైజు ప్రింటులో మన కంటికి మసక అనిపించదు. ఈ లెక్కన 35 మి.మీ. లెన్సుని ఎఫ్/8 దగ్గర పెట్టి ఐదు మీటర్ల దూరానికి బిగించేస్తే, రెండున్నర మీటర్ల నుంచి ఆకాశం దాకా అన్నీ తేటగానే కనిపిస్తాయి. తప్పుని దిద్దడానికి ఏమీ చేయకుండా, చూసేవాడి కంటి పరిమితిలో దాచేయడమన్నమాట. ఫ్లాషు మాత్రం ప్రకృతి నియమానికి తలవంచాల్సిందే. దూరం రెట్టింపైతే వెలుగు నాలుగో వంతు. పీటలమీద వధూవరులు సున్నం కొట్టినట్టు తెల్లగా, వెనక పందిట్లో చుట్టాలందరూ చీకట్లో.

ఆ రోజుల్లో అసలు కిటుకు కెమెరాలో లేదు, కలర్ ల్యాబులో ఉంది. రీలు ఇస్తే గంటలో ప్రింట్లు ఇచ్చే మిషను రంగుల్ని ఎలా సర్దుతుంది? ఎదురుగా ఉన్న నెగెటివ్ తీసిన చోటు ఏమిటో దానికి తెలియదు. కొడాక్‌లో రాల్ఫ్ ఇవాన్స్ 1940లలో ఒక మంచి ఊహ చేశాడు. మామూలు ఫొటోలో రంగులన్నీ కలిపి సగటు తీస్తే బూడిద రంగు వస్తుంది. కాబట్టి ప్రతి ఫొటో సగటునీ బూడిద రంగుకి లాగితే చాలు. చెట్టూ, ఆకాశం, మనుషులూ ఉన్న ఫొటోకి ఇది చక్కగా పనిచేస్తుంది. మంగళస్నానం ఫొటోకి పనిచేయదు. పెళ్ళికూతురి ఒంటినిండా పసుపు, పసుపు చీర, పసుపు నీళ్ళు. మిషను దృష్టిలో ఇది పసుపు ఎక్కువైపోయిన నెగెటివ్. అది పసుపుని తీసేసి నీలం కలుపుతుంది. ప్రింటులో పసుపు వెలిసిపోయి, ముఖాలు నీలిమ తిరుగుతాయి. ల్యాబు కుర్రాడికి అనుభవం ఉంటే చేత్తో మీటలు నొక్కి పసుపు వెనక్కి తెచ్చేవాడు, లేకపోతే పెళ్ళికూతురు జ్వరం తగిలినట్టుండేది. ఇప్పటి ఫోన్ల ఆటో వైట్ బ్యాలెన్సు వెనకా కొంతవరకు ఇదే ఊహ నడుస్తూ ఉంటుంది, దానికి ముఖాలని గుర్తుపట్టే తెలివి తోడైంది.

కావాలని పూసిన మసక

డిజిటల్‌కి నేను తొందరగా రాలేదు. కొడాక్ ఇంజనీరు స్టీవెన్ సాసన్ 1975లో చేసిన మొదటి నమూనా 100 గళ్ళ అడ్డం, 100 గళ్ళ నిలువు బొమ్మని క్యాసెట్ టేపుమీద ఎక్కించడానికి 23 సెకన్లు తీసుకుంది. అక్కడ నుంచి 2003లో కానన్ 300డి వెయ్యి డాలర్లలోపు దిగేవరకు ఔత్సాహికులకి ఎస్‌ఎల్‌ఆర్ అందని ద్రాక్షే. నేను కొన్నది ఆ తరంలో ఆరు మెగాపిక్సెళ్ళది.

సెన్సరు గళ్ళకి రంగు తెలియదు, వెలుగు ఎంతో మాత్రమే తెలుసు. అందుకే ఒక్కో గడిమీద ఒక్కో రంగు గాజు పెడతారు. సగం పచ్చ, పావు ఎరుపు, పావు నీలం. ఇది కొడాక్‌లోనే బ్రైస్ బేయర్ 1976లో పేటెంటు పొందిన అమరిక. పచ్చకి ఎక్కువ వాటా ఎందుకంటే మన కన్ను వివరాల్ని ఎక్కువగా ఆ రంగులోనే పసిగడుతుంది. ప్రతి గడికీ మూడు రంగుల్లో ఒకటే నిజంగా కొలుస్తారు, మిగతా రెండూ పక్క గళ్ళని చూసి లెక్కగడతారు. అంటే మీ దగ్గరున్న ఏ డిజిటల్ ఫొటో తీసుకున్నా దాని రంగులో మూడింట రెండు వంతులు అంచనాయే.

అంచనా ఎప్పుడు బెడిసికొడుతుందో ఉప్పాడ చీర చెబుతుంది. సన్నని నేత, దారం పక్కన దారం. నా సెన్సరులో గళ్ళ మధ్య దూరం సుమారు 8 మైక్రాన్లు, ఒకే రంగు గళ్ళ మధ్య అంతకు రెట్టింపు. చీర దారాల బొమ్మ సెన్సరుమీద పడేటప్పుడు ఆ దారాల ఎడం ఈ దూరానికి దగ్గరగా వచ్చిందంటే, దారాల్ని లెక్కపెట్టడం గళ్ళకి చేతకాదు. కొన్ని దారాల్ని వదిలేసి కొన్నింటిని పట్టుకుంటాయి. చీరలో లేని వెడల్పాటి చారలు, ఇంద్రధనుస్సు రంగుల్లో అలలు అలలుగా, ఫొటోలో లేచి నిలబడతాయి. దీన్ని మోయిరే అంటారు. మనిషి ఒక అడుగు వెనక్కి జరిగితే అలలు మాయం. ఇంకో అడుగు జరిగితే ఇంకో ఆకారంలో మళ్ళీ ప్రత్యక్షం.

దీనికి తయారీదారులు వేసిన మందు నాకు ఇప్పటికీ నవ్వు తెప్పిస్తుంది. నూటయాభై ఏళ్ళు కష్టపడి లెన్సుని తేటగా చేశాక, సెన్సరు ముందు ఒక పలుచని స్ఫటికపు పలకని పెట్టారు. వచ్చిన ప్రతి కిరణాన్నీ అది రెండుగా చీల్చి పక్క గడిమీద కూడా కాస్త పడేలా చేస్తుంది. అంటే బొమ్మని కావాలని ఇసుమంత మసక చేయడం. గళ్ళకి అందనంత సన్నని వివరాన్ని ముందే తుడిచేస్తే అవి అబద్ధం చెప్పలేవు. ఆ పలక పల్చగా ఉన్న కెమెరాల్లో బొమ్మ తేటగా, చీరలు అలలుగా. మందంగా ఉన్నవాటిలో చీరలు బుద్ధిగా, బొమ్మ కాస్త మెత్తగా. గళ్ళు చిన్నవైపోయి లెన్సు తేటదనాన్ని దాటేశాక చాలా కెమెరాల్లో ఆ పలకని తీసేశారు.

జేబులో లెక్కల మాస్టారు

ఫోను లెన్సు ప్లాస్టిక్‌ది. ఆరేడు పలుచని ముక్కలు, గోళం ఆకారంలో కాక అంచుల దగ్గర అటూ ఇటూ తిరిగిన వంపులతో అచ్చు పోసినవి. పెట్జ్‌వాల్ చూస్తే నమ్మడు. అయినా దానికి దాటలేని ఒక హద్దుంది. హీలియోస్‌ని ఎఫ్/2 దగ్గర పూర్తిగా తెరిస్తే వెలుగు దూరే కన్నం 29 మి.మీ. వెడల్పు. ఫోను ప్రధాన కెమెరాది సాధారణంగా నాలుగు మి.మీ. లోపే. వైశాల్యం యాభయ్యో వంతు.

వెలుగు ఫోటాన్ల వాన. ఒక గడిలో సగటున 100 ఫోటాన్లు పడాల్సిన చోట ఒకసారి 90, ఒకసారి 110 పడతాయి. తడబాటు ఎప్పుడూ వర్గమూలం అంత, ఇక్కడ పది శాతం. పది వేల ఫోటాన్లు పడితే తడబాటు 100, అంటే ఒక శాతమే. తక్కువ వెలుతురులో తీసిన ఫొటోల్లో కనిపించే ఇసుక ఈ తడబాటే. కన్నం చిన్నది కాబట్టి ఫోనుకి ఇసుక తప్పదు. దానికి విరుగుడుగా మనం ఒక్కసారి నొక్కితే అది చాలా ఫొటోలు గబగబా తీసి, చెయ్యి వణికిన మేరకి వాటిని జరిపి, ఒకదానిమీద ఒకటి పేర్చి సగటు తీస్తుంది. తొమ్మిది ఫొటోలు కలిస్తే ఇసుక మూడో వంతుకి తగ్గుతుంది. 2018లో గూగుల్ పిక్సెల్ ఫోన్లలో వచ్చిన 'నైట్ సైట్' చూసి అందరూ నోరెళ్ళబెట్టింది ఈ వర్గమూలం మహిమకే. వెడల్పు లెన్సులో గోడలు పీపాలా ఉబ్బుతాయి, మూలలు నల్లబడతాయి. వాటినీ లెక్క చేసి, మనం చూసేలోపే సాపు చేస్తుంది.

ఇంతవరకు నాకు అభ్యంతరం లేదు. ఇది పడిన వెలుగుతో చేసే లెక్క. అసలు పేచీ పడని వెలుగు దగ్గర మొదలవుతుంది. 2023లో శాంసంగ్ ఫోన్లు తీసిన చంద్రుడి ఫొటోలమీద పెద్ద రగడ జరిగింది. కావాలని మసకబార్చిన చంద్రుడి బొమ్మని తెరమీద పెట్టి ఫొటో తీస్తే, తెరమీద లేని గుంటలు ఫొటోలో వచ్చాయి. చంద్రుణ్ణి గుర్తుపట్టి వివరాన్ని పెంచే కృత్రిమ మేధ అందులో ఉందని ఆ కంపెనీయే వివరణ ఇచ్చింది. స్టూడియో పెన్సిలు ఉన్న మచ్చని పూడ్చింది, ఇది లేని మచ్చని పెట్టింది. నా వరకు గీత అక్కడే. విచిత్రమేమిటంటే అదే ఫోను 'పోర్ట్రెయిట్' నొక్కితే ముఖం వెనక నేపథ్యాన్ని మసక చేసి ఇస్తుంది. పెద్ద గాజుల లెన్సులకి సహజంగా వచ్చే మసకని చిన్న కన్నం ఇవ్వలేదు కాబట్టి, దాన్ని లెక్కగట్టి పూస్తుంది. జుట్టు అంచుల దగ్గర చూస్తే ఆ పూత తెలిసిపోతుంది, ఒక్కో పోగు తెగిపోయి ఉంటుంది.

ఇప్పుడు నేను ఎక్కువగా పట్టుకు తిరిగేది మిర్రర్‌లెస్, దాని ముందు ఆ పాత హీలియోస్. జెనిట్‌లో లెన్సు కూర్చునే చోటు నుంచి ఫిలిందాకా 45.46 మి.మీ. దూరం, ఎందుకంటే మధ్యలో అద్దం లేవడానికి చోటు కావాలి. మిర్రర్‌లెస్‌లో అద్దం లేదు, 16 నుంచి 20 మి.మీ. చాలు. ఆ తేడా అంత పొడవున్న ఉత్త గొట్టం, లోపల గాజు ఏమీ లేనిది, పెడితే రెండూ కలుస్తాయి. ఈ కాలపు లెన్సు అయితే తన తప్పుల పట్టికని కెమెరాకి చెబుతుంది, కెమెరా ఆ మేరకి వంకరలూ నల్ల మూలలూ సర్దుతుంది. హీలియోస్ దగ్గర చెప్పడానికి తీగ కూడా లేదు. అందుకని తెరమీద ఎఫ్ పక్కన అంకెకి బదులు రెండు గీతలే కనిపిస్తాయి. లెన్సు చేసిన తప్పు చేసినట్టే కార్డుమీదికి ఎక్కుతుంది.

ఎఫ్/2 దగ్గర ఆకుల సందుల్లోంచి వచ్చే వెలుగు చుక్కలు మధ్యలో గుండ్రంగా ఉండి, అంచులకి పోయేకొద్దీ నిమ్మకాయ ఆకారంలో నొక్కుకుపోయి, ముఖం చుట్టూ సుడి తిరిగినట్టు నిలబడతాయి. పక్కల నుంచి ఏటవాలుగా వచ్చే కిరణాల్లో కొన్నింటిని లెన్సు గొట్టం అంచే కోసేయడం దీనికి ఒక కారణం. గాజులు పూర్తిగా సర్దలేక మిగిల్చిన వక్రత ఇంకో కారణం. ఈ సుడి కోసమే దేశదేశాల కుర్రాళ్ళు ఈ లెన్సుని వెతుక్కుంటున్నారు. ఒకప్పుడు దాన్ని లోపమనే అనేవాళ్ళం. రింగుని ఎఫ్/5.6 దాకా తిప్పితే సుడి ఉండదు. కన్నం చిన్నదైనప్పుడు గొట్టం అంచుకి కోయడానికి కిరణాలు దొరకవు.